పదకొండో వరుస

ఏ ఫైలు తెరిచినా ముందు దాని బరువు చూడటం నా అలవాటు. పాశమైలారంలో మందుబిళ్లల కంపెనీలో నా పని అలాంటిది. బిళ్లలు ఆరబెట్టే గదుల్లో వేడి ఎంత, తేమ ఎంత అని యంత్రాలు నిమిషానికోసారి రాసి పడేసే అంకెలన్నీ నా దగ్గరికే వస్తాయి. కంపెనీ ఇచ్చిన కంప్యూటరేమో ముసలిది. కాస్త పెద్ద ఫైలు తెరిస్తే చాలు, గుడ్లు తేలేస్తుంది. అందుకని ఏ పట్టిక నా ముందుకొచ్చినా అది మెమరీలో ఎంత చోటు తింటోంది, అందులో అంకెల వాటా ఎంత, ఇండెక్స్ వాటా ఎంత అని ఒక్క లైను రాసి చూసుకుంటాను. ఇండెక్స్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు, పట్టికలో ప్రతి ఎంట్రీకీ ఎడమ పక్కన ఉండే చిరునామా. ఫలానా గది, ఫలానా నిమిషం అని అడిగితే ఆ ఎంట్రీ వచ్చి నిలబడుతుంది.

ఇంకోటి కూడా ఉంది. అది అలవాటు కాదు, రోగం అంటుంది మా ఆవిడ. పట్టికలో ఖాళీ గడి కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. తీసెయ్యాలి, లేకపోతే అన్నం సహించదు. "ఇంట్ల తాగిన గ్లాసు తీసి పక్కకు పెట్టవు గని, కంప్యూటర్ల మాత్రం చీపురు పట్టుకొని తిరుగుతవ్" అని ఆవిడ ఎన్నిసార్లు దెప్పిందో లెక్కలేదు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. లోలోపల కొంచెం గర్వం కూడా ఉండేది, ఎందుకు అబద్ధం చెప్పాలి.

మేమిప్పుడు కొల్లూరు డబుల్ బెడ్రూం కాలనీలో ఉంటున్నాం, అమ్మా, నేనూ, మా ఆవిడా. చర్చి మాత్రం పాత ఊళ్లోనే. పటాన్‌చెరు దాటి లోపలికి వెళ్తే రెండు ఫ్యాక్టరీల ప్రహరీల మధ్య ఇరుక్కుని ఉంటుంది. చర్చి వెనక సమాధుల తోట. అమ్మ దాన్ని ఎప్పుడూ తోట అనదు, బొందలగడ్డ అంటుంది. మా నాన్న అక్కడే తొమ్మిదో వరుసలో ఉన్నాడు. ఫ్యాక్టరీ వాసన వచ్చే రోజుల్లో అక్కడ నిలబడి ప్రార్థన చేయడం కష్టమే, కళ్లు మండుతాయి. అయినా ఆదివారం ఆరాధన అయ్యాక ఒక చుట్టు చుట్టి రాకుండా అమ్మ ఆటో ఎక్కదు.

రెండేళ్ల కిందట సంఘ పెద్దలు నన్ను పిలిచి, సమాధుల రిజిస్టరు చెదలు పడుతోంది, కంప్యూటర్లోకి ఎక్కించమన్నారు. ఆ రిజిస్టరు మా పాత ఉపదేశి రాసింది. పాస్టరు లేని వారాల్లో వాక్యం చెప్పేదీ, చనిపోయినవాళ్లని రిజిస్టరులో ఎక్కించేదీ ఆయనే. నేను పుట్టకముందు నుంచీ నాకు పెళ్లయ్యేదాకా అదే గుండ్రటి చేతిరాత. సండేస్కూల్ చెప్పే ఇద్దరు అమ్మాయిలు నెల రోజులు కూర్చుని టైపు చేసి నాకు పంపారు. నేను ఆ రిజిస్టరు ఒక్క పేజీ కూడా తిప్పి చూడలేదు. చూడాల్సిన పనేముంది, ఫైలు వచ్చింది కదా!

మూడొందల చిల్లర ఎంట్రీలు. ఏ వరుస, వరుసలో ఎన్నోది అనే రెండింటినీ కలిపి ఇండెక్స్ చేశాను, రెండంతస్తుల చిరునామా అన్నమాట. తర్వాత పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. కొన్ని ఎంట్రీల్లో పేరు గడి ఖాళీగా ఉంది. అమ్మాయిలు పొరపాటున ఎంటర్ నొక్కి ఉంటారు అనుకున్నాను. సమాధి ఉందంటే అందులో మనిషి ఉండాలి, మనిషికి పేరుండాలి, అంతేగా. పేరు లేని ఎంట్రీలు తీసెయ్ అని ఒక్క లైను రాశాను. రెప్పపాటులో పోయాయి. ఎన్ని పోయాయో కూడా చూసుకోలేదు. శుభ్రమైన ఫైలు ఉండగా మురికి ఫైలు ఎందుకని అమ్మాయిలు పంపినదాన్ని తుడిచేశాను. ఆ ఏడు వానల్లో చర్చి ఆఫీసు గది రేకులు మారుస్తుంటే కాగితం రిజిస్టరు కూడా తడిసి ముద్దైపోయింది. "ఏం పరవాలేదు, అన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి" అని పెద్దలకు ధైర్యం చెప్పింది కూడా నేనే.

ఆ ఫైలు నుంచి ఒక మ్యాపు తీసి ఫ్లెక్సీ కొట్టించి చర్చి గోడకు తగిలించాం. పది వరుసలు, గళ్లు గళ్లుగా, చూడముచ్చటగా ఉంది. పడమటి గోడ పక్కన పొడవాటి జాగా తెల్లగా కనిపించింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఈ ఏడాది ఎండాకాలంలో ఒక ఆదివారం, ఆరాధన చివర సంఘ పెద్ద లేచి ప్రకటన చదివాడు. కొత్త హాలు పూర్తయ్యింది కాబట్టి బాత్రూములు కట్టాలి, పడమటి గోడ పక్కన ఖాళీ జాగా ఉంది కాబట్టి అక్కడే సెప్టిక్ ట్యాంకు గుంత తవ్వుతారు, గురువారం జేసీబీ వస్తుంది. ఆడవాళ్ల వైపు నుంచి ఏదో గుసగుస వినిపించి ఆగిపోయింది.

ఇంటికొచ్చాక అమ్మ కంచం ముందు కూర్చుంది కానీ ముద్ద ఎత్తలేదు.

"గోడ పక్కన తవ్వుతరా?" అంది.

"అవునమ్మా. ఖాళీ జాగనే కదా."

"ఖాళీ అని ఎవలు చెప్పిన్రు?"

"ఎవలేంది, నేనే చెప్పిన. మ్యాపుల లేదా?"

నా వైపు చూసింది. ఆ చూపు నాకు ఇప్పటికీ బాగా గుర్తు. కోపం కాదు, బాధ కూడా కాదు. ఎవరో కొత్త మనిషి ఇంట్లోకి వచ్చి కూర్చున్నట్టు చూసింది. తర్వాత కంచం పక్కకు జరిపి లేచి వెళ్లిపోయింది.

సోమవారం పదకొండింటికి కంపెనీలో ఉండగా పాస్టరుగారి ఫోను. "మీ అమ్మగారు పొద్దుగాల్ల సంది ఎండల గోడ పక్కన కూసున్నరు. లేవమంటె లేస్తలేరు. మీరు జెర జల్దీ రండి." మోకాళ్ల నొప్పులతో లిఫ్టు దాకా నడవలేని మనిషి, కొల్లూరు నుంచి ఆటోలు మారి అంత దూరం ఒక్కతే ఎలా వెళ్లిందో! బండి తీసి పరుగెత్తాను.

అమ్మ నిజంగానే గోడ నీడ కూడా లేని చోట, కొంగు నెత్తిన కప్పుకుని, కాళ్లు చాపి కూర్చుంది. ఆమె ముందు సున్నంతో గీసిన పెద్ద చతురస్రం, గుంత తవ్వాల్సిన చోటు. సంఘ పెద్ద గొడుగు పట్టుకుని పక్కన నిలబడి బతిమాలుతున్నాడు.

"అక్కా, ఎండదెబ్బ తగుల్తది, లేవే. గీడ ఏం లేదు. మ్యాపు గీసింది నీ కొడుకే కదా. లేదని ఆయననే రాసిండు."

"వాడు రాస్తె లేకుండ వోతరా?" అంది అమ్మ. "ఈడ పిల్లలున్నరు."

"ఏ పిల్లలక్కా?"

అమ్మ నన్ను చూసి నోరు మూసుకుంది. నేను రాకపోతే ఏమన్నా చెప్పేదేమో. నాకు తల కొట్టేసినట్టయింది. పెద్దల ముందు నా పనిని నా తల్లే కాదంటోంది, పైగా మతిమరుపు మొదలైనట్టు మాట్లాడుతోంది. రెక్క పట్టుకుని లేపాను. బండి మీద దారంతా తిట్టుకుంటూనే తీసుకొచ్చాను. ఏనాడూ లేనిది అలా తిట్టాను. ఇల్లు చేరాక అమ్మ, "బేస్తారం తవ్వుతరు కదా," అంది. "నేను గా గుంతల కూసుంట. ముందు నన్ను తియ్యమను."

బేస్తారమంటే గురువారం. అంటే మధ్యలో రెండు రోజులు. అమ్మ అన్నంత పనీ చేస్తుందని నాకు తెలుసు. అయితే ఆమె పిచ్చిదనిపించుకుని చర్చిలో తలెత్తుకోలేక బతకాల్సి వస్తుంది, లేదా ఎవరికీ తెలియని ఏదో నిజం సెప్టిక్ ట్యాంకు కింద పడిపోతుంది. ఈ రెండో మాట ఆ రాత్రి నా బుర్రకు తట్టలేదు. మొదటిదే తట్టింది.

మంగళవారం మధ్యాహ్నం. కంపెనీలో భోజనాల వేళ, గది ఖాళీగా ఉంది. గాలి మిషన్ల హోరు తప్ప ఏమీ లేదు. అమ్మకు చూపించి ఒప్పిద్దామని మ్యాపులో పడమటి వైపు పెద్దగా ప్రింటు తీయడానికి ఫైలు తెరిచాను. చెయ్యి దానంతటదే ముందు బరువు చూసింది.

ఇండెక్స్ బరువుగా ఉంది.

చిన్న తేడా, ఇంకొకరైతే పట్టించుకోరు. మ్యాపు తీసిన రోజు హడావిడిలో నేనూ పట్టించుకోలేదు. కానీ నాకు తెలుసు కదా, ఆ ఇండెక్స్‌లో ఉన్నవి వరుస నంబర్లూ, స్థానం నంబర్లూ మాత్రమే. ఎంత పెద్ద వరుస అయినా నలభై సమాధులు దాటదు. గుప్పెడు అంకెలు. అంకెలు తేలిగ్గా ఉండాలి. ఇది అంకెల బరువు కాదు, అక్షరాల బరువు. తెలుగు అక్షరాలు మెమరీలో మరీ ఎక్కువ చోటు తింటాయి. నంబర్లు ఉండాల్సిన చోట ఎవరో మాటలు దాచినట్టుంది.

కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టాను. అంతే బరువు.

వరుసలెన్ని అని అడిగాను. పది అంది. పదకొండో వరుస చూపించు అన్నాను. అలాంటిది లేదు అని ఎర్రగా తప్పు చూపించింది. పదకొండు అనేది నీలో ఉందా అని ఇంకో రకంగా అడిగాను. లేదంది. సరే అని, ఇండెక్స్ లోపలి పొరలు తెరిచి చూపించమన్నాను. ఒకటి, రెండు, మూడు అంటూ వచ్చి పది దగ్గర ఆగలేదు. చివర పదకొండు ఉంది.

మళ్లీ అడిగాను. వరుసలెన్ని? పది. లోపల ఏముంది? పదకొండు. నాలుగైదు సార్లు అడిగి ఉంటాను. ఒకే నోటితో లేదంటుంది, ఉందంటుంది.

దాని కారణం నాకు తెలియనిది కాదు. రెండంతస్తుల ఇండెక్స్ మెమరీలో రెండు ముక్కలుగా ఉంటుంది. ఒక ముక్కలో అసలు ఏయే విలువలు ఉన్నాయో వాటి జాబితా. రెండో ముక్కలో, ఏ ఎంట్రీ ఆ జాబితాలో ఎన్నోదానికి చెందుతుందో చెప్పే చిన్న చిన్న అంకెలు. మా గేటు దగ్గర కార్మికుల కార్డులు తగిలించే చెక్క బోర్డులాంటిదే. మనిషి పని మానేస్తే కార్డు పోతుంది, నంబరు రాసిన మేకు బోర్డుకే ఉంటుంది. నేను ఎంట్రీలు తీసేసినప్పుడు కార్డులు పోయాయి. మేకులు పోలేదు. వాటిని కూడా పీకెయ్యడానికి ఇంకో చిన్న లైను ఉంది. ఏ ఫైలు శుభ్రం చేసినా ఆఖర్న నేను తప్పకుండా రాసే లైను. ఈ ఒక్క ఫైలుకి ఎందుకు రాయలేదో ఎంత ఆలోచించినా నాకు తెలియదు. కరెంటు పోయిందా, ఎవరైనా పిలిచారా, ఏమీ గుర్తు లేదు.

రెండో అంతస్తు జాబితా తెరిచాను. ఒకటి నుంచి ముప్పై తొమ్మిది దాకా అంకెలు. వాటి తర్వాత మాటలు మొదలయ్యాయి.

ఇటుక బట్టీ కాడి ఆమె పాప, నెల లోపు, మూల రాయి నుండి తండ్రి పాదములు ముప్పై రెండు.

గంట కొట్టే ఆమె కవలలు, పుట్టిన దినమే, తండ్రి పాదములు ఏడు.

అలా పద్నాలుగు. ఉపదేశి గొంతే చెవిలో వినిపించినట్టయింది. ఒక్కదాంట్లోనూ పేరు లేదు. మెల్లగా అర్థమైంది. మా దగ్గర పేరంటే బాప్తిస్మంలో పెట్టిన పేరే. అది జరగకముందే పోయిన పసిపిల్లలకు రిజిస్టరులో రాయడానికి పేరు లేదు, సమాధికి రాయి లేదు, వరుసలో నంబరు లేదు. అందుకని ఆయన గోడ పక్క జాగాను పదకొండో వరుసగా లెక్కపెట్టి, పేరు గడి ఖాళీగా వదిలి, నంబరు రాయాల్సిన చోట గుర్తు రాసుకున్నాడు. ఎవరి బిడ్డ, ఎన్నాళ్లు బతికింది, గోడ మూలన ఉన్న రాయి దగ్గర మొదలుపెట్టి తండ్రి మడమకు వేలు ఆనించి నడిస్తే ఎన్ని పాదాల దూరం. ఆ అమ్మాయిలు ఉన్నది ఉన్నట్టు టైపు చేశారు. పేరు లేదు కాబట్టి మనిషి లేడు అనుకున్న మహానుభావుణ్ణి నేను.

ఆ గోడ పక్క జాగా గురించి అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మా చర్చి ఆడవాళ్లు ఎంత తొందర ఉన్నా దాని మీదుగా నడవరు, చుట్టు తిరిగి వెళ్తారు. ముళ్లున్నాయేమో అనుకునేవాణ్ణి. కిరాయికి కొత్తగా వచ్చినవాళ్లు అక్కడ బండ్లు నిలబెడితే కాసేపటికి స్టాండు నేలలోకి దిగి బండి ఒరిగిపోయేది. నేను కూడా ఎన్నిసార్లు నిలబెట్టానో! ఒరిగిన బండిని తిట్టుకుంటూ లేపేవాణ్ణి.

జాబితా కిందికి జరిపాను.

ట్రాక్టరు డ్రైవరు మొదటి బాబు, మూడు దినములు, తండ్రి పాదములు పందొమ్మిది.

ఆ రోజుల్లో మా ఊళ్లో ట్రాక్టరు ఒక్కటే. దాని డ్రైవరు మా నాన్న. మా నాన్నకు నేను ఒక్కణ్ణే కొడుకుని, మొదటివాణ్ణీ నేనే, ఆఖరివాణ్ణీ నేనే. మూడు దినములు అన్న మాట దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. నా వయసు నలభై ఒకటి.

భోజనం చేసి వచ్చిన పక్క కుర్చీ ఒడిశా మిత్రుడు, "క్యా హువా సర్, తబియత్ ఠీక్ నహీ హై క్యా?" అని, ఒంట్లో బాలేదేమోనని నీళ్ల సీసా అందించాడు. ఆ తెరను ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకున్నాను. ఫైలును మూడు చోట్ల దాచాను. ఆ చిన్న లైను చెయ్యి జారి ఎక్కడ రాసేస్తానో అని కీబోర్డు మీద చెయ్యి పెట్టాలంటేనే భయం వేసింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి అమ్మ బాల్కనీలో కూర్చుని ఉంది. రింగు రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఫోను ఆమె ముందు పెట్టి చదివాను. డ్రైవరు మొదటి బాబు అనగానే చెయ్యి అడ్డం పెట్టింది, చాలన్నట్టు.

"నాకెందుకు చెప్పలేదమ్మా?"

"పోయినోని సంగతి ఎనక పుట్టినోని ముంగట తియ్యొద్దన్నరు బిడ్డా. తీస్తె నీ మీదికొస్తదన్నరు. మీ నాయిన గూడ బతికినన్ని దినాలు తియ్యలే. నేను గూడ తియ్యలే."

"నిన్న అంతగనం తిట్టిన గదా, అప్పుడన్న చెప్పకపోతివి."

"నీకేమన్న అయితదని భయమైంది." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "గట్లనే తవ్వుతరంటె ఊకోబుద్ధి గాలే. నడుమ నేనేం చేద్దు చెప్పు. అటు వాడు, ఇటు నువ్వు."

ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాను. సిగ్గేమీ లేదు చెప్పుకోవడానికి. నా చేత్తో నేను తుడిచేసింది నా సొంత అన్నని. అమ్మ నా తల నిమురుతూనే ఉంది కానీ, మధ్య మధ్యలో ఫోను తెర ఆరిపోతే వేలితో తాకి వెలిగించుకుంటోంది.

బుధవారం మధ్యాహ్నం చర్చిలో స్త్రీల కూటం ఉంటుంది. సెలవు పెట్టి అమ్మను తీసుకుని వెళ్లాను. పాస్టరుగారికీ, సంఘ పెద్దకూ విషయం చెప్పాను. పెద్దాయన నెత్తి గోక్కున్నాడు. "రిజిస్టరు లేకపాయె. కంప్యూటర్ల నువ్వే లేదంటివి, మల్ల నువ్వే ఉందంటివి. జేసీబీకి బయానా ఇచ్చినం. రేపు నలుగురు నన్నడిగితె ఏం జెప్పాలె?"

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. నేనైనా అదే అడిగేవాణ్ణి. "నన్నొకసారి చదవనీయండి," అన్నాను. "ఎవరూ పలకకపోతే తవ్వుకోండి."

ముప్పై మంది దాకా ఆడవాళ్లున్నారు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి. నేనెందుకు నిలబడ్డానో ఎవరికీ తెలియదు. ఉపోద్ఘాతం ఏమీ లేకుండా చదివాను. "ఇటుక బట్టీ కాడి ఆమె పాప, నెల లోపు."

ఎవరూ కదల్లేదు. రెండోది చదివాను. "గంట కొట్టే ఆమె కవలలు, పుట్టిన దినమే."

వెనక బెంచీలో ఎనభై ఏళ్ల ముసలామె ముందు బెంచీ పట్టుకుని లేచి నిలబడింది. ఏమీ అనలేదు. నిలబడింది, అంతే. ఆమె లేవడం చూసి మూడో వరుసలో ఇంకొకామె లేచి, "బట్టీ కాడి ఆమె మా అత్త. ఆ పాప మా ఆడబిడ్డ" అంది. తర్వాత నేను చదువుతూ పోయాను, ఒక్కొక్కరే లేస్తూ పోయారు. ఏడుపులు లేవు, కేకలు లేవు. మొత్తం చర్చిలో చీరల చప్పుడు మాత్రమే వినపడింది. మూడింటికి మాత్రం ఎవరూ లేవలేదు. వాటిని రెండేసిసార్లు చదివి ఆగి చూశాను, అయినా ఎవరూ లేవలేదు. డ్రైవరు మొదటి బాబు దాకా వచ్చి తల ఎత్తేసరికి అమ్మ అప్పటికే నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో నేను చూసుకోలేదు.

సంఘ పెద్ద కళ్లద్దాలు తీసి తుడుచుకుని, బయటికి వెళ్లి జేసీబీ వాడికి ఫోను చేశాడు. "రేపొద్దు. ఇగ అసలే ఒద్దు. బయానా నువ్వే ఉంచుకో" అనడం లోపలికి వినపడింది.

తర్వాత అందరం గోడ దగ్గరికి వెళ్లాం. మూల రాయి ఇంకా ఉంది, సగం మట్టిలో కూరుకుపోయి. తండ్రుల్లో ఒక్కరూ మిగల్లేదు. కొడుకులున్నవాళ్లు కొడుకుల్ని ఫోను చేసి పిలిపించారు. నన్ను చెప్పులు విప్పమంది అమ్మ.

"మీ నాయిన కాలే నీది. నడువు."

మడమకు వేలు ఆనించి నడిచాను. నేల కాలుతోంది. పక్కనే అమ్మ లెక్కపెడుతోంది. పందొమ్మిదో పాదం సున్నపు గీత దాటి, సరిగ్గా ఆ చతురస్రం నడుమ పడింది. అక్కడ నిలబడ్డాక కాలు తీయాలంటే నాకు ధైర్యం రాలేదు. నేల మెత్తగా, కొద్దిగా కిందికి దిగినట్టు అనిపించింది. ఎండకు తల తిరిగి అలా అనిపించిందో, నిజమో చెప్పలేను. అమ్మ వంగి నా పాదం పక్కన ఒక ఇటుక ముక్క పెట్టింది. అప్పుడు జరిగాను.

అన్ని చోట్లా ఇటుక ముక్కలు పెట్టాక పాస్టరుగారు ఒక మాటన్నారు. "పేరు గడి ఖాళీ ఉంటె రేపు ఇంకెవలన్న వచ్చి మల్ల శుభ్రం చేస్తరు. ఇప్పుడే తలా ఒక పేరు చెప్పున్రి, ప్రార్థన చేసి రాసుకుందాం." ఆయన నన్నేమీ అనాలని అనలేదు. నాకే తగిలింది.

చర్చి మెట్ల మీద ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. పదకొండో వరుసను మళ్లీ పట్టికలోకి చేర్చాను. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. కొందరు వెంటనే చెప్పారు, ఎన్నేళ్ల నుంచో నోట్లో పెట్టుకున్నట్టు. గంట కొట్టే ముసలామె రెండు పేర్లూ నా చెవిలో చెప్పి, పైకి చదవొద్దంది. ఎవరూ లేవని ముగ్గురికీ పాస్టరమ్మ ఆలోచించి పేర్లు పెట్టింది.

ఆఖర్న అమ్మ వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చుంది.

"పేరేం రాయాలమ్మా?"

నా పేరు పిలిచింది.

"ఆఁ, చెప్పమ్మా. వింటున్న."

మళ్లీ పిలిచింది. నేను తల తిప్పి చూశాను. ఆమె నన్ను చూడటం లేదు, గోడ వైపు చూస్తోంది.

"గదేరా. గదే రాయి."

"అది నా పేరు గదమ్మా."

"ముందుగాల వానిదే. కడుపుల ఉన్నప్పుడే మీ నాయిన అనుకున్నడు. వాడు పోయినంక ఇంకో పేరు మాకు నోట్లెకు రాలే. నువ్వు పుట్టినంక నీకు అదే పెట్టినం."

కీబోర్డు మీంచి చేతులు తీసి అడిగాను, "మరి ఇన్నేండ్లు గా పేరు పెట్టి పిలిచినప్పుడు ఎవల్ని పిలిచినవమ్మా?"

అమ్మ ఆలోచించింది. అబద్ధం చెప్పడం ఆమెకు ఎప్పుడూ చేతకాదు.

"ఒక్కోసారి నిన్ను," అంది.

మిగతాసార్ల సంగతి నేను అడగలేదు. పదకొండో వరుసలో, పందొమ్మిదో పాదం దగ్గర, ఖాళీ గడిలో నా పేరు టైపు చేశాను.